ఒక్క ‘లో’, మూడు ప్రిపొజిషన్లు: ఇంగ్లీషు వాక్యం తెలుగు నోట ఎక్కడ తడబడుతుంది?

సంక్షిప్తంగా: పని ఎవరు చేశారో తెలుగులో క్రియ చివర తెలుస్తుంది. ఎక్కడ, ఎవరికి, ఎవరితో అన్నది నామం చివర తెలుస్తుంది. ఇంగ్లీషు ఈ ప్రత్యయాలను చాలావరకు ఎప్పుడో వదిలేసి, వాటి పనిని సర్వనామానికి, మాటల వరసకు, నామం ముందు నిలబడే ‘ఇన్’, ‘టు’ లాంటి చిన్న మాటలైన ప్రిపొజిషన్లకు పంచింది. పాఠ్యపుస్తకంలో ఇవి వేర్వేరు పాఠాలు, వాక్యంలో మాత్రం ఒకే ముడి. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల విద్యార్థుల ఇంగ్లీషులో వినిపించే తప్పులు చాలావరకు ఆ ముడి దగ్గరే పుడుతున్నాయి.

బ్యాంకు పరీక్షల కోచింగుకు పేరుపడ్డ నంద్యాలలో కొన్ని నెలలు చదివిన అభ్యర్థికి ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ రాకూడదని బాగా తెలుసు. ‘తప్పు గుర్తించండి’ ప్రశ్నలో కనిపిస్తే క్షణంలో పట్టేస్తాడు. అదే అభ్యర్థి ఇంటర్వ్యూలో నోరు విప్పగానే ‘వి డిస్కస్డ్ అబౌట్ ఇట్’ అనేస్తాడు. నియమం తెలియక కాదు. ‘దాని గురించి చర్చించాం’ అన్న వాక్యం ముందుగా మనసులో తయారై ఉంటుంది, అందులోని ‘గురించి’ తనకూ ఒక చోటు ఇవ్వమంటుంది.

పాఠశాలల్లో ఇంగ్లీషు గురించి ఆంధ్రప్రదేశ్‌లో వాదన కొత్తది కాదు. ప్రభుత్వ పాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమంలోకి మారుస్తూ 2019 నవంబరులో ఉత్తర్వులు వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఒక పుట తెలుగు, ఎదురు పుట ఇంగ్లీషుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు కూడా పిల్లల చేతికి వచ్చాయి. వాదనంతా ఏ భాషలో చదవాలన్న దాని చుట్టూ తిరిగింది. ఎదురెదురు పుటల మీద ఉన్న రెండు వాక్యాలు లోపల ఎంత భిన్నంగా కట్టి ఉన్నాయన్నది మాత్రం పెద్దగా చర్చకు రాలేదు.

అద్దంలో తిరగబడ్డ వాక్యం

‘నిన్న నంద్యాల నుంచి కర్నూలుకు బస్సులో వచ్చాను.’ ఈ వాక్యంలో ‘నేను’ లేదు. ‘వచ్చాను’ చివరి ‘ను’ ఆ పని చేసిపెట్టింది. ‘కర్నూలుకు నిన్న వచ్చాను, బస్సులో, నంద్యాల నుంచి’ అని మాటలను ఎలా తారుమారు చేసినా ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో తేడా రాదు. ప్రతి మాటా తన బంధుత్వాన్ని తన కొంగునే కట్టుకుని తిరుగుతుంది. ‘కు’ కర్నూలును వదలదు, ‘నుంచి’ నంద్యాలను వదలదు.

ఇదే ఇంగ్లీషులో: ‘ఐ కేమ్ టు కర్నూల్ ఫ్రమ్ నంద్యాల్ బై బస్ యెస్టర్‌డే.’ ఇక్కడ ‘కేమ్’ ఎవరి పక్షమూ కాదు. నేను వచ్చినా, నువ్వు వచ్చినా, వాళ్లు వచ్చినా అదే ‘కేమ్’. కాబట్టి ‘ఐ’ని తీసేస్తే వచ్చిందెవరో వాక్యంలో మిగలదు. ‘టు’, ‘ఫ్రమ్’, ‘బై’ పేర్ల వెనక కాకుండా ముందు నిలబడ్డాయి. క్రియ చివర ఉండాల్సింది పోయి కర్త పక్కకు వచ్చేసింది. తెలుగు వాక్యాన్ని అద్దంలో చూసినట్టే ఉంటుంది.

ఈ తిరగబడటం యాదృచ్ఛికం కాదు. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే భాషాశాస్త్రవేత్త 1963లో ముప్పై భాషలను పోల్చి చూపిన సూత్రాల్లో ఒకటి ఇదే: కర్త, కర్మ, క్రియ వరసలో నడిచే భాషలు దాదాపుగా సంబంధం తెలిపే మాటను నామం తరవాతే పెడతాయి. క్రియ వాక్యం చివర రావడం, ‘కి’, ‘తో’, ‘మీద’ నామం చివర రావడం ఒకే అలవాటుకు రెండు ముఖాలు. ఇంగ్లీషులో క్రియ కర్మకు ముందు వస్తుంది, ఆ చిన్న మాట కూడా నామానికి ముందు వస్తుంది.

రాయలసీమకు వచ్చేసరికి ఇందులో ఇంకో మడత ఉంది. రాయదుర్గం, మడకశిర వైపు చాలా ఇళ్లలో కన్నడం నడుస్తుంది. కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ ఇంటి భాషగానూ వీధి భాషగానూ వినిపిస్తుంది. తెలుగులో ‘ఇంట్లో’ అన్నది కన్నడంలో ‘మనెయల్లి’, ఉర్దూలో ‘ఘర్ మే’. మూడింటిలోనూ ఇల్లు ముందు, ‘లో’ తరవాత. ఉర్దూ తెలుగుకు చుట్టం కాదు, వేరే కుటుంబం నుంచి వచ్చింది, అయినా ఈ విషయంలో మాత్రం ఇదే బాట. అంటే మూడు భాషలు గడగడా మాట్లాడే కర్నూలు పిల్లవాడికి కూడా ప్రిపొజిషన్ అలవాటు ఎక్కడా పడలేదు. మొదటిసారి అది ఎదురయ్యేది ఇంగ్లీషు వాచకంలోనే. ఎన్ని భాషలొస్తే ఇంగ్లీషు అంత తేలికన్న మాట ఈ ఒక్క చోట పనిచేయదు.

సర్వనామం లేనిదే వాక్యం లేదు

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో క్రియకు నిండా ప్రత్యయాలుండేవి. నామాలకు విభక్తులుండేవి. తరవాతి శతాబ్దాల్లో అవి అరిగిపోయాయి. వర్తమాన కాలపు క్రియకు ‘గోస్’, ‘కమ్స్’ చివరి ‘స్’ ఒక్కటే గుర్తుగా మిగిలింది. ప్రత్యయం పోయాక కర్తను చెప్పే భారం సర్వనామం మీద పడింది. చెప్పడానికి కర్త లేకపోయినా ఆ కుర్చీ ఖాళీగా ఉండటానికి వీల్లేదు. అందుకే ‘ఇట్ ఈజ్ రెయినింగ్’. వర్షం కోసం ఏడాదంతా ఆకాశం చూసే అనంతపురంలో ‘వర్షం వస్తోంది’ అంటే చాలు, వచ్చేది వర్షమే. ఇంగ్లీషులో కురిసేది ‘ఇట్’. ఆ ‘ఇట్’ ఏమిటని అడిగితే ఏ ఇంగ్లీషువాడూ చెప్పలేడు. అది వస్తువు కాదు, కర్త స్థానాన్ని నింపే బొమ్మ.

ఇంతకన్నా లోతైన తేడా ‘నాకు’ దగ్గర ఉంది. నాకు ఆకలిగా ఉంది, నాకు తెలుసు, నాకు కావాలి, నాకు నచ్చింది, నాకు ఇంగ్లీషు వచ్చు. వీటిలో మనిషి పని చేసేవాడు కాదు, అనుభవం వచ్చి చేరే చోటు. ఇంగ్లీషు ఈ వాక్యాలన్నిటిలోనూ మనిషిని కర్తగా కూర్చోబెడుతుంది: ‘ఐ యామ్ హంగ్రీ’, ‘ఐ నో’, ‘ఐ వాంట్’, ‘ఐ లైక్’. ఇంగ్లీషు మొదటి నుంచీ ఇలా లేదన్నది గమనించాల్సిన విషయం. ‘నాకు అనిపిస్తుంది’ అనడానికి పాత ఇంగ్లీషులో ‘మి థింక్స్’ అనే పలుకుబడి ఉండేది. అందులోని ‘మి’ అచ్చంగా మన ‘నాకు’. విభక్తులు అరిగిపోయి, క్రియకు ముందున్న మాటే కర్త అన్న నియమం బిగిసేకొద్దీ అలాంటి ‘మి’లు ‘ఐ’లుగా మారాయి. తెలుగు పిల్లలు ఈ రోజు తరగతి గదిలో చేయాల్సిన మార్పును ఇంగ్లీషు తనకు తానే కొన్ని శతాబ్దాలు తీసుకుని చేసుకుంది.

‘ఉంది’ కూడా ఇలాంటిదే. నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు, నా దగ్గర పెన్ను ఉంది, నాలో ధైర్యం ఉంది. రక్తసంబంధానికి ‘కు’, చేతిలోని వస్తువుకు ‘దగ్గర’, గుణానికి ‘లో’. ఇంగ్లీషు మూడింటినీ ‘ఐ హ్యావ్’తో సరిపెట్టేస్తుంది. ‘విత్ మి పెన్ ఈజ్ దేర్’ లాంటి వాక్యం పుట్టేది ఇక్కడే.

సర్వనామాల లెక్క రెండు భాషల్లో సరిపోకపోవడం అందరికీ తెలిసిందే. మనం, మేము రెండూ ‘వి’. వాడు, అతను, ఆయన ముగ్గురూ ‘హి’. మర్యాద తూకం అక్కడ సర్వనామంలో దొరకదు.

‘నేనుతో’ అనని నోరు ‘విత్ ఐ’ అనకూడదు

ప్రిపొజిషన్ తరవాత ‘ఐ’ కాదు ‘మి’, ‘హి’ కాదు ‘హిమ్’, ‘షి’ కాదు ‘హర్’ అన్న నియమాన్ని సాధారణంగా పట్టికగా కంఠస్థం చేయిస్తారు. తెలుగులో ఇదే నియమం పుట్టుకతో వచ్చింది. ‘నేనుతో’, ‘నేనుకు’ అని ఎవరూ అనరు. ‘తో’ రాబోతోందంటే ‘నేను’ తనంతట తానే ‘నా’గా మారిపోతుంది: నాతో, నాకు, నా మీద. ‘మి’ చేసే పని దాదాపు అదే. ఉన్న దారిని చూపించకుండా పట్టిక మోయించడం వృథా ప్రయాస.

మాట తడబడేది ఇద్దరు కలిసినప్పుడు. ‘బిట్వీన్ యు అండ్ ఐ’ అనే తప్పు ఇంగ్లీషు దేశాల్లోనూ వినిపిస్తుంది. ‘మి అండ్ రవి వెంట్’ అన్నప్పుడల్లా ‘రవి అండ్ ఐ’ అనమని సరిదిద్దితే, ‘అండ్’ తరవాత ఎప్పుడూ ‘ఐ’యే గౌరవమన్న భ్రమ స్థిరపడుతుంది. పరీక్షించే మార్గం సులువు. రెండో మనిషిని తీసేసి చూడాలి. ‘ఫర్ ఐ’ చెవికి గుచ్చుకుంటే ‘ఫర్ రవి అండ్ ఐ’ కూడా తప్పే.

నాలుగు ‘లో’లు

కర్నూలులో, బస్టాండులో, బస్సులో, ఆటోలో. తెలుగుకు నాలుగూ ఒకటే. ఇంగ్లీషులో వరసగా ‘ఇన్’, ‘ఎట్’, ‘ఆన్’, మళ్లీ ‘ఇన్’. నాలుగు చోట్లకు మూడు మాటలు. వీటిని విడివిడిగా బట్టీ పడితే తల తిరుగుతుంది. లోపలి లెక్క తెలిస్తే కొంత తేలికవుతుంది. ‘లో’ అడిగే ప్రశ్న ఒక్కటే: లోపల ఉందా? ఇంగ్లీషు అడిగేది ఆ చోటును ఏ ఆకారంగా చూస్తున్నామని. చుట్టూ హద్దులున్న ఆవరణగా చూస్తే ‘ఇన్’. నిలబడే తలంగా చూస్తే ‘ఆన్’. కలుసుకునే బిందువుగా చూస్తే ‘ఎట్’. బస్సు, రైలు, ఓడ, విమానం మనిషి ఎక్కి నిలబడి అటూ ఇటూ నడవగల తలాలు, అందుకే ‘ఆన్’. కారులోకి, ఆటోలోకి వంగి దూరాలి, అందుకే ‘ఇన్’. బస్టాండు ఎంత విశాలంగా ఉన్నా ‘ఎక్కడున్నావు’ అన్న ప్రశ్నకు జవాబుగా అది పటం మీద ఒక చుక్క. అదే బస్టాండు పైకప్పు కింద, వాన పడకుండా లోపల ఉన్నామని చెప్పాలంటే ‘ఇన్’ రావచ్చు. చోటు మారలేదు, చూపు మారింది.

కాలానికీ ఇదే చూపు కొంతవరకు పనికొస్తుంది. నెలలకు, సంవత్సరాలకు ‘ఇన్’. రోజుకు ‘ఆన్’. గంటకు ‘ఎట్’. తెలుగులో ‘జనవరిలో’, ‘ఐదింటికి’ అన్నచోట ప్రత్యయం ఉంది కానీ ‘సోమవారం వస్తాను’లో ఏమీ లేదు, అందుకే ‘ఆన్’ జారిపోతుంది. దీనికి ఎదురుగా ‘ఇంటికి వెళ్లాను’లో ‘కి’ ఉంది, ఇంగ్లీషులో ‘వెంట్ హోమ్’ అంటే చాలు. ‘వెంట్ టు హోమ్’లోని ‘టు’ ఆ ‘కి’ నీడ.

క్రియ ఎవరిని వెంట రానిస్తుంది

అన్నిటికన్నా మొండి తప్పులు ఇక్కడున్నాయి. ‘కడపకు చేరుకున్నాం’ నుంచి ‘రీచ్డ్ టు కడప’. ‘గదిలోకి ప్రవేశించాడు’ నుంచి ‘ఎంటర్డ్ ఇంటు ద రూమ్’. ‘అతనితో పెళ్లయింది’ నుంచి ‘మ్యారీడ్ విత్ హిమ్’. ‘నా మీద కోపం’ నుంచి ‘యాంగ్రీ ఆన్ మి’. దీనికి తిరుగుడు తప్పులూ ఉన్నాయి. ‘పాట విన్నాను’లో ‘పాట’కు ఏ తోకా లేదు కాబట్టి ‘లిజన్’ పక్కన ‘టు’ పడిపోతుంది.

‘చెప్పు’ ఒక్కటే ఇంగ్లీషులో రెండుగా చీలి, పక్కనున్న సర్వనామాన్ని చెరొక తీరుగా చూస్తుంది. ‘టోల్డ్ మి’ అనాలి, మధ్యలో ‘టు’ రాకూడదు. ‘సెడ్ టు మి’ అనాలి, ‘టు’ లేకపోతే కుదరదు. ‘ఎక్స్‌ప్లెయిన్’ కూడా ‘సెడ్’ పక్షమే, ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ తప్పు. ‘గివ్’ రెండు వైపులా ఒదుగుతుంది: ‘గివ్ మి ద బుక్’, ‘గివ్ ఇట్ టు మి’. తెలుగులో ఈ నలుగురికీ ‘నాకు’ ఒక్కటే చాలు.

‘గురించి’ కథ దగ్గరగా చూడదగ్గది. ‘డుమువులు ప్రథమా విభక్తి’ అని మొదలుపెట్టి వల్లెవేసిన తరాలకు ద్వితీయా విభక్తి గుర్తుండే ఉంటుంది: నిన్, నున్, లన్, కూర్చి, గురించి. కర్మను చెప్పే ‘ను’ పక్కనే ‘గురించి’ని కూర్చోబెట్టారు పాత వైయాకరణులు. ‘ఆ విషయాన్ని చర్చించాం’, ‘ఆ విషయం గురించి చర్చించాం’ రెండూ తెలుగులో సమానమే. ‘డిస్కస్’కు మొదటిదే పడుతుంది. అందుకని ‘అబౌట్ తీసేయండి’ అనడం కన్నా ‘విషయాన్ని చర్చించాం అన్న తెలుగు వాక్యం నుంచి మొదలుపెట్టండి’ అనడం మేలు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ తప్పు కానీ ‘డిస్కషన్’ పక్కన ఒప్పు. ‘ఆన్సర్ ద క్వశ్చన్’లో ఏమీ అక్కర్లేదు, ‘యాన్ ఆన్సర్ టు ద క్వశ్చన్’లో ‘టు’ కావాలి. ‘ఎంటర్ ద రూమ్’, కానీ ‘ఎంట్రీ ఇంటు’. దీన్ని మినహాయింపుల జాబితాగా చూడనవసరం లేదు. ఇంగ్లీషులో క్రియ కర్మను నేరుగా పట్టుకోగలదు, నామం పట్టుకోలేదు. నామానికి మధ్యవర్తి కావాలి, ఆ మధ్యవర్తి పేరే ప్రిపొజిషన్. ఈ ఒక్క మాట తెలిస్తే పదుల కొద్దీ ఖాళీలు వాటంతటవే నిండుతాయి.

‘అప్’ చేసే పని, ‘వేయు’ చేసే పని

‘పిక్ అప్ ద బ్యాగ్’ అనవచ్చు, ‘పిక్ ద బ్యాగ్ అప్’ అనీ అనవచ్చు. బ్యాగు స్థానంలో ‘ఇట్’ పెడితే మాత్రం ఒక్కటే దారి: ‘పిక్ ఇట్ అప్’. ‘పిక్ అప్ ఇట్’ కుదరదు. అయితే ‘లుక్ ఆఫ్టర్’ దగ్గర ఇది తలకిందులవుతుంది. ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అనాల్సిందే, ‘ఇట్’ మధ్యలోకి రాదు. సర్వనామం, క్రియ, చిన్న మాట ఒకే ముడి అనడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

కారణం: ‘ఆఫ్టర్’ అక్కడ నిజమైన ప్రిపొజిషన్, దాని కన్ను వెనక వచ్చే నామం మీద ఉంటుంది. ‘అప్’ క్రియకు చెందిన తునక. దాన్ని నామం తరవాతకు జరిపి చూసినప్పుడు వాక్యం నిలబడితే అది తునకే. తునక అయితే సర్వనామం మధ్యలోకి వెళ్లాలి. ఇంగ్లీషు వాక్యం చివరి స్థానాన్ని సాధారణంగా కొత్త విషయానికి, ఊనిక పడే మాటకు ఉంచుతుంది. ‘ఇట్’ అంటే అప్పటికే తెలిసిన వస్తువు, ఊనిక లేని తేలిక మాట. అందుకే క్రియ పక్కన ఒదిగిపోతుంది.

ఈ తునకలకు తెలుగులో సాటి లేదనుకోవడం పొరపాటు. ‘తిన్నాడు’కూ ‘తినేశాడు’కూ ఉన్న తేడాయే ‘ఏట్’కూ ‘ఏట్ అప్’కూ ఉంది. పళ్లెంలో ఇంకేమీ మిగల్లేదన్న అర్థాన్ని ఇంగ్లీషు ‘అప్’తో తెస్తే, తెలుగు ‘వేయు’ అనే రెండో క్రియను అతికించి తెస్తుంది. ‘ఆఫ్టర్’ తునక కాకపోయినా పోలిక అక్కడా ఉంది: ‘చూడు’కు ‘కొను’ చేరితే ‘చూసుకో’, ‘లుక్’కు ‘ఆఫ్టర్’ చేరితే అదే అర్థం. తుడిచేయడం, ఊడ్చేయడం, కడిగేయడం అంటూ రోజంతా వాడే మాటల్లోనే ఈ యంత్రం ఉంది.

నామం పోయింది, ప్రిపొజిషన్ మిగిలింది

‘నేను వచ్చిన బస్సు’ అన్నప్పుడు ‘బస్సులో’లోని ‘లో’ ఎక్కడికి పోయింది? తెలుగు దాన్ని నిశ్శబ్దంగా వదిలేసింది. ‘నేను కూర్చున్న కుర్చీ’లో ‘మీద’ లేదు, ‘నేను రాసిన పెన్ను’లో ‘తో’ లేదు. వినేవాడు ఊహించుకుంటాడు. ఇంగ్లీషు ఇక్కడ లెక్క తప్పనివ్వదు. ‘ద చెయిర్ ఐ శాట్ ఆన్’ అనాలి. కుర్చీ ముందుకు వెళ్లిపోయినా ‘ఆన్’ తన పాత చోటునే కాపలా కాస్తుంది. తెలుగు అలవాటు వెంట వెళ్తే ‘ద చెయిర్ ఐ శాట్’ అన్న అసంపూర్ణ వాక్యం వస్తుంది. ఏదో లోటుందని గ్రహించినవారు ‘ఆన్ ఇట్’ అని సర్వనామాన్ని కూడా చేర్చి మళ్లీ తప్పులో కాలేస్తారు. ప్రశ్నల్లోనూ అంతే. ‘ఎవరితో మాట్లాడుతున్నావు’లో ‘తో’ను ‘ఎవరి’ నుంచి విడదీయలేము. ‘హూ ఆర్ యు టాకింగ్ టు’లో ‘టు’ ఒంటరిగా చివర మిగులుతుంది.

అలా చివర మిగలడం తప్పని 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి ఆక్షేపించాడు. ఆ ఆక్షేపణ బడి వ్యాకరణాల్లో చాలాకాలం నియమంగా చెలామణీ అయింది. నిత్యవ్యవహారంలో ఇంగ్లీషువారు దాన్ని పాటించలేదు, పాటించినవారి మాట కృతకంగా వినిపిస్తుంది. మన దగ్గర కొన్ని గైడ్లు ఇప్పటికీ ఆ నియమాన్నే నేర్పుతున్నాయి.

ఖాళీ ఎక్కడ పెట్టాలి

ఈ అద్దానికి అవతలి వైపు నిలబడిన మనిషి కడపకు బాగా పరిచితుడు. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా అక్కడికి వచ్చిన సి.పి. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో నిఘంటువులు వెలువరించాడు. తెలుగు నేర్చే ఇంగ్లీషువాడు ‘ఐ’ని చీల్చి ఎక్కడ ‘నేను’, ఎక్కడ ‘నాకు’, ఎక్కడ ‘నా దగ్గర’ అని వెతుక్కోవాలి. కడప పిల్లలు వెతుక్కునేది అదే దారిలో ఎదురు దిక్కుకు. నిఘంటువు ఒక్కో మాటకు అర్థం ఇస్తుంది. ఏ క్రియకు ఏ చిన్న మాట తోడు, వాటి మధ్య సర్వనామం ఎక్కడ నిలబడాలి అన్నది వాక్యంలోనే దొరుకుతుంది.

పరీక్ష పత్రాలు మాత్రం చిన్న మాటను ఒంటరిగా అడుగుతాయి. ‘షి ఈజ్ వెయిటింగ్ డ్యాష్ మి’ అని ఇచ్చి ‘ఫర్’ నింపమంటాయి. క్రియ ఇచ్చేశారు, సర్వనామం సరైన రూపంలో ఇచ్చేశారు, వరస ఇచ్చేశారు. తెలుగు నోటికి కష్టమైన మూడు పనుల్లో రెండున్నర ప్రశ్నపత్రమే చేసిపెట్టింది. అందుకే మార్కులు వస్తాయి, మాట రాదు. ద్విభాషా పుస్తకంలో ఎడమ పుట మీద ‘ఆమె నా కోసం ఎదురుచూస్తోంది’ అని ఉంచి, కుడి పుట మీద ‘షి’ తరవాత అంతా ఖాళీ వదిలితే ‘ఈజ్’ ఎందుకొచ్చింది, ‘నా’ ఎలా ‘మి’ అయింది, ‘కోసం’ వెనక నుంచి ముందుకు ఎలా దూకింది అన్నవన్నీ ఒకే గీత మీద తేలతాయి. దిద్దడానికి ఉపాధ్యాయుడికి ఇంకాస్త సమయం పడుతుంది. వందల పత్రాలు దిద్దే పబ్లిక్ పరీక్షలో అలాంటి ఖాళీకి చోటు దొరకడం కష్టమే, బడిలో పెట్టే నెలవారీ పరీక్షలో దొరుకుతుంది.